నిరీక్షణలోని చూపు

తెలుగు క్రైస్తవుల నోట నిత్యమూ వినవచ్చే మాటలలో ‘నిరీక్షణ’ ఒకటి. ఇంగ్లీషువారు ‘హోప్’ అనే చోట తెలుగు బైబిలు చాలవరకు ఈ మాటనే వాడినది. ‘ఆశ’ అనే చిన్న మాట చేతికి అందుబాటులో ఉండగా అనువాదకులు ఈ సంస్కృతపదాన్ని ఏరుకొన్నారు. అది మంచి ఎన్నిక అని నా అభిప్రాయం. ఆశకు మన భాషలో ఒక మచ్చ ఉన్నది. పేరాశ, దురాశ, ఆశపోతు అనే మాటలన్నీ దాని బంధువర్గమే. నిరీక్షణకు అటువంటి బంధువులు లేరు. ఈక్షణమంటే చూడడం. కవులు కన్నులను సైతం ఈక్షణాలన్నారు. దానికి ముందు ఉపసర్గ చేరగా చూపు నిలకడ పొంది, తదేకంగా చూడడమయినది; అందులోనుంచి ఎదురుచూడడమయినది. మన తేట తెలుగు మాటలోనూ చూపు విడువలేదు: ఎదురుచూపు.

అలంకారశాస్త్రం చదివే విద్యార్థులకు అష్టవిధ నాయికలు పరిచితులే. వారిలో విరహోత్కంఠిత నాయకుని రాక ఆలస్యమయినదని కలతపడుతూ, కన్నులు కాయలు కాచేటట్లు దారి చూచే స్త్రీ. ఆమె ఎవరికోసం చూస్తున్నదో ఆమెకు తెలియును. పదిమంది నడిచే వీధిలో ఆ ఒక్కని అడుగుల చప్పుడును ఆమె పోల్చుకోగలదు. ముఖమెరుగని వానికోసం ఎవరూ వాకిట నిలబడరు. కనుక గుర్తుపట్టడమూ, నిరీక్షించడమూ ఒక్క పనికే రెండు వైపులు. మొదటిది పోయిన చోట రెండవది వట్టి మాటగా మిగులుతుంది.

పౌలు రోమా సంఘానికి వ్రాసిన లేఖలో దీనికి అడ్డు వచ్చేదిగా తోచే మాట ఒకటి లేకపోలేదు. కన్నుల ఎదుటనే ఉన్నదానికోసం ఎవరూ నిరీక్షించరనీ, కనబడనిదానికై ఓపికతో వేచియుండడమే నిరీక్షణ అనీ అక్కడి భావం. పైకి విరోధంగా కనిపించే ఈ రెండింటికీ మన ‘కనిపెట్టు’ అనే క్రియ చక్కని సమాధానం చెబుతుంది. తెలుగు బైబిలులో దేవునికొరకు కనిపెట్టడమంటే వేచియుండడం. మన నిత్యవ్యవహారంలో కనిపెట్టడమంటే పసికట్టడం, దాగియున్నదానిని గుర్తించడం. ఇంకను పూర్తిగా రానిదానికోసం వేచియుంటూ, వచ్చిన కొద్దిపాటి జాడను పసికట్టడం, ఈ రెండూ ఒక్క క్రియలో ఇమిడినవి. క్రైస్తవుని నిత్యజీవితాన్ని గురించి నేను చెప్పదలచినదంతా ఈ క్రియలోనే ఉన్నది.

ఈనాడు ఈ మాట చెప్పవలసిన అవసరం కలిగినది. క్రీస్తు సన్నిధి అనగానే చాలమంది మనసులో మెదిలేది పెద్ద పందిరి, మైకు, వేలమంది జనం, అప్పటికప్పుడు జరిగే అద్భుతం. నిరీక్షణ అనగానే మెదిలేది పరీక్షలో ఉత్తీర్ణత, ఉద్యోగం, విదేశయానం, వ్యాపారంలో లాభం. వీటిని కోరుకోవడం తప్పని నేను అనను. కష్టంలో ఉన్నవాడు దేవుణ్ణి ఏదో ఒకటి అడుగుతాడు, అడగడం సహజం. కాని కోరిన కోరిక నెరవేరడమే క్రీస్తు వచ్చిన గుర్తు అయితే, నెరవేరని యింట ఆయన లేడని చెప్పవలసి వస్తుంది. బిడ్డ పోయిన తల్లికి, పంట పోయిన రైతుకు, పరీక్ష తప్పిన విద్యార్థికి అటువంటి మతం చెప్పగలిగినది ఏమీ ఉండదు. ఎవరికి నిరీక్షణ అవసరమో వారి దగ్గరనే అది మూగబోతుంది.

సువార్తలు చెప్పే తీరు దీనికి పూర్తిగా భిన్నం. సిలువ మరణం తరువాత క్రీస్తు తనవారికి కనిపించిన సందర్భాలను ఒక వరుసలో చదివితే ఒక విశేషం గోచరిస్తుంది. ఆయనను వెంటనే గుర్తుపట్టలేకపోయినవారు పరాయివారు కారు. ఆయనతో తిరిగినవారు, ఆయన మాట విన్నవారు.

యోహాను సువార్తలో మగ్దలేనే మరియ సమాధివద్ద ఏడుస్తూ నిలిచియున్నది. వెనుదిరిగి చూచినప్పుడు ఎదుట ఉన్నవానిని తోటమాలి అనుకొన్నది. ఆమె కన్ను తెరిపించినది వెలుగు కాదు, ఉరుము కాదు. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచినాడు. అంతే. అదే సువార్త చివరి అధ్యాయంలో ఏడుగురు శిష్యులు తిబెరియ సముద్రంలో రాత్రంతా వల వేసి, ఒక్క చేపయినా పడక తెల్లవారుజామున ఒడ్డు చేరుతున్నారు. గట్టుమీద ఎవరో నిలిచియున్నాడు. ఆయన చెప్పిన వైపున వల వేయగా, లాగడానికి అలవికానన్ని చేపలు పడినవి. అప్పుడుగాని ఆయన ఎవరో వారికి తోచలేదు. గట్టెక్కి చూచేసరికి నిప్పులమీద చేపలు కాలుతున్నవి, రొట్టె సిద్ధంగా ఉన్నది. అలసి వచ్చినవారికి ఆయన ఉదయపు ఆహారం వడ్డించినాడు.

ఈ మూటిలో నాకు మిక్కిలి ప్రియమయినది లూకా చెప్పిన ఎమ్మాయు మార్గపు కథ. ఇద్దరు మనుష్యులు యెరూషలేమునుంచి ఎమ్మాయు అనే పల్లెకు నడుస్తున్నారు. దూరం సుమారు ఏడు మైళ్ళు. దారిలో మూడవవాడు ఒకడు కలిసి వారి విచారానికి కారణ మడిగినాడు. వారు జరిగినదంతా చెప్పి, ఇశ్రాయేలును విడిపించేవాడు ఆయనే అని తాము అనుకొన్న సంగతిని భూతకాలంలో చెప్పినారు. వ్యాకరణం చెప్పేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెను. నిరీక్షణకు భూతకాలం వచ్చినదంటే అది చచ్చినదన్న మాట. తమ ప్రక్కన నడిచేవాడు ఎవరో వారికి తెలియలేదు. ప్రొద్దు వాలినది. ఈ రాత్రికి మాతో ఉండుమని వారు ఆ బాటసారిని బలవంతపెట్టినారు. భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన రొట్టె చేతబట్టి విరిచి వారికిచ్చినాడు. అప్పుడు గుర్తుపట్టినారు. గుర్తుపట్టిన క్షణంలోనే ఆయన కనబడకుండా పోయినాడు.

ఆ తరువాతి సంగతి మరువరానిది. చీకటి పడుతున్నదని అతిథిని ఆపినవారు, ఆ చీకటిలోనే లేచి, వచ్చిన దారి అంతా తిరిగి నడిచి యెరూషలేము చేరినారు. రోమా ప్రభుత్వం అట్లాగే ఉన్నది. వారిని ఏడిపించిన పట్టణం అదే. ఒక్క రొట్టెముక్క చేతికి వచ్చిన మాత్రాన లోకంలో మారినదేమీ లేదు. వారి క్రియాపదం మాత్రం భూతకాలంనుంచి వర్తమానానికి వచ్చినది. నిరీక్షణ అంటే నాకు తెలిసినంతలో ఇదే: పరిస్థితి మారినదని కాదు, ప్రక్కన నడిచేవాడు ఎవరో తెలిసినదని.

పేరుపెట్టి పిలవడం, అలసినవానికి అన్నం పెట్టడం, రొట్టె విరిచి పంచడం: గుర్తుపట్టించిన పనులు ఇంత చిన్నవి. ఏ యింటనైనా ప్రతిదినమూ జరగదగినవి. అద్భుతం లేదని కాదు. వల నిండా చేపలు పడడమూ ఆ కథలోనే ఉన్నది. కాని చేపల లెక్క అక్కడ ముగింపు కాదు. ఆ వల లాగినవారిని భోజనానికి పిలవడం ముగింపు.

ఇక మత్తయి సువార్త ఇరువదియైదవ అధ్యాయంలోని తీర్పు దృశ్యాన్ని చూడండి. ఆకలిగొన్నవారు, దప్పిగొన్నవారు, పరదేశులు, బట్ట లేనివారు, రోగులు, చెరసాలలో ఉన్నవారు: ఈ ఆరుగురికి చేసినది తనకు చేసినట్లే అని రాజు అంటాడు. ఈ భాగాన్ని అందరూ ఎరుగుదురు. ఇందులోని ఒక సూక్ష్మాన్ని మాత్రం తరచుగా దాటిపోతారు. సాయం చేయనివారు మాత్రమే కాదు, చేసినవారుకూడ ఆశ్చర్యపోయి, నిన్ను మేము ఎప్పుడు చూచినామని అడుగుతారు. వారు పుణ్యం లెక్కవేసుకొని అన్నం పెట్టలేదు. వీనిలో దేవుడున్నాడు గనుక పెడుతున్నాననీ అనుకోలేదు. ఆకలిగా ఉన్నాడు గనుక పెట్టినారు. బీదవాణ్ణి స్వర్గానికి నిచ్చెనమెట్టుగా చేసుకొనే ధర్మానికి ఇక్కడ చోటు లేదు.

ఈ కథలు యూదుల దేశపువి. కాని రొట్టె విరిచి పంచడమన్నది తెలుగుదేశంలో ఎంత బరువైన పనియో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఎవరితో కలిసి తినవచ్చును, ఎవరి చేతి నీళ్ళు త్రాగవచ్చును అనే ప్రశ్నల మీదనే మన సమాజపు మెట్లు నిలిచినవి. పంక్తిలో చోటు లేనివానికి ఊరిలో చోటు లేదు. అటువంటి నేలమీద ఎమ్మాయు భోజనం కేవలం భక్తికథ కాజాలదు. అది ఒక పరీక్ష.

ఆ పరీక్ష ఒంగోలులో ఒకసారి వచ్చినది. అమెరికానుంచి వచ్చిన బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ కాపురం పెట్టినాడు. ఆ ప్రాంతంలో క్రీస్తు మాటను గూడెంనుంచి గూడేనికి మోసినవారిలో ముఖ్యుడు తోళ్ళ వ్యాపారం చేసే యెఱ్ఱగుంట్ల పేరయ్య అనే మాదిగ. మొదట్లో పై కులాలవారు కొందరు సంఘంపట్ల ఆసక్తి చూపి, మాదిగలను చేర్చుకొంటే తాము రామని చెప్పినారు. పలుకుబడిగలవారు కావలెనా, పేరయ్యవంటివారు కావలెనా అన్నది ప్రశ్న. క్లౌ మాదిగల పక్షాన నిలిచినాడు.

తరువాత 1876–78 మధ్య గొప్ప కరవు వచ్చినది. బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని ఆయన గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి భిక్ష కాక పని చూపినాడు. సంఘబోధకులే ఆ పనికి మేస్త్రీలుగా నిలిచినారు. ఆ కరవు రోజులలో బాప్తిస్మం కోరి వచ్చినవారికి ఆయన వెంటనే ఇవ్వలేదు. కూటికోసం వచ్చినారన్న మాట రాకూడదని ఆపినాడు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందినారు. ఆ సంఖ్యనే చరిత్రకారులు పదేపదే చెబుతారు. నాకు సంఖ్యకంటె దాని ముందటి సంయమనం గొప్పదిగా తోస్తుంది. అన్నం పెట్టే చేయి ఆ అన్నానికి వెల అడగకుండా ఉండడమే దానిలోని విశేషం.

డోర్నకల్ కథ మరొకటి. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన వి. ఎస్. అజరయ్య తెలుగు నేర్చి తెలుగు గ్రామాల మధ్య పనిచేసినాడు; 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడయినాడు. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరో నగరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడినాడు. పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని మెచ్చుకొంటూనే, తమతో పనిచేసే భారతీయులతో సమానంగా కూర్చొని, కలిసి తిని, స్నేహం చేయడానికి వారిలో చాలమంది వెనుకాడుతున్నారని నిర్మొహమాటంగా చెప్పినాడు. అడిగినది డబ్బు కాదు, మిత్రులను. ఎమ్మాయు బల్ల దగ్గర పోయిన కుర్చీ ఏదో ఆయన ఎత్తిచూపినాడు.

ఆయన డోర్నకల్‌లో కట్టించిన దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠితమయినది. ఆ దినం ప్రత్యక్షతా పండుగ. ఆలయానికి పెట్టిన పేరుకూడ అదే. దాని కట్టడంలో దక్షిణదేశపు గుడులను, ముస్లిం కట్టడాలను తలపించే రీతులు కలిసినవి. ప్రత్యక్షమనే మాటలో ఉన్నది అక్షి, అనగా కన్ను. కన్ను ఎదుటికి రావడమే ప్రత్యక్షం. క్రీస్తు తెలుగువాని కన్ను ఎదుటికి రావలెనంటే పరాయి వేషంలో రానక్కరలేదని ఆ రాళ్ళు చెబుతున్నట్లుంటుంది.

డిచ్‌పల్లిని తలచుకోక తప్పదు. స్కాట్లండునుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ నిజామాబాదు ప్రాంతంలో కుష్ఠురోగుల దురవస్థ చూచి, 1915లో డిచ్‌పల్లిలో వారికొరకు ఆసుపత్రిని నెలకొల్పినది. దానికి భూరివిరాళ మిచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందూ ధనికుడు. ఆనాడు ఆ రోగానికి నికరమైన మందు లేదు. రోగిని ఇంటివారే బయట పెట్టేవారు. సువార్తలలో క్రీస్తు కుష్ఠురోగిని చేయి చాపి ముట్టుకొన్నాడు. స్వస్థత ఆ స్పర్శ తరువాత వచ్చినది. ముట్టుకోవడానికి వైద్యురాలు ముందుకు వచ్చినది, నిలబడడానికి చోటు కల్పించడంలో అన్యమతస్థుడు తోడయినాడు. వారిరువురిలో ఎవరు క్రీస్తును గుర్తుపట్టినారని అడిగితే, మత్తయి సువార్తలోని ఆ దృశ్యాన్ని చదివినవారు తొందరపడి జవాబు చెప్పరు.

ఈ మంచి కథలు చెప్పి ఊరుకొంటే సత్యం సగమే చెప్పినట్లవుతుంది. కులం సంఘం గుమ్మం బయటనే ఆగిపోలేదు. వివాహ సంబంధాలలో, సంఘ పదవులలో, కొన్ని చోట్ల ఖననభూములలోసైతం అది లోపలికి నడచి వచ్చినదని క్రైస్తవులే వ్రాసినారు, వ్రాస్తున్నారు. ఒకే రొట్టెను ఆదివారం పంచుకొన్నవారు సోమవారం వేర్వేరు పంక్తులలో కూర్చుంటే, ఆదివారం వారు గుర్తుపట్టినది ఎవరిని? గుఱ్ఱం జాషువ ‘గబ్బిలం’ 1941లో వెలువడినది. గుడిలోనికి పోరాని బీదవాడు తన మొరను కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలం ద్వారా పంపుతాడు. మనిషికి మూసిన తలుపులో ఆ గబ్బిలానికి అడ్డు లేదు. ఆ కవియే ‘క్రీస్తు చరిత్ర’ వ్రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందినాడు. ఈ రెండు కావ్యాలను ప్రక్కప్రక్కన పెట్టి చదవడం తెలుగు విద్యార్థికి అవసరం. ఎదుట నిలిచిన మనిషిని గుర్తుపట్టని సమాజం దేవుణ్ణి గుర్తుపట్టినానంటే నమ్మడం కష్టమని ఆ చదువు నేర్పుతుంది.

ఇక్కడ ఇద్దరు ఆక్షేపించవచ్చును. మొదటివారు, ఇది అంతా సంఘసేవయే కదా, ప్రార్థనకూ వేదపఠనానికీ చోటెక్కడ అని అడుగుతారు. ఎమ్మాయు కథలోనే జవాబున్నది. బల్ల దగ్గర కన్ను తెరుచుకొనడానికి ముందు, దారి పొడుగునా ఆయన వారికి లేఖనాలు విప్పి చెప్పినాడు. అప్పుడే తమ హృదయాలు వేడెక్కినవని వారు తరువాత జ్ఞాపకం చేసుకొన్నారు. ప్రార్థన కంటికి పెట్టే అభ్యాసం. రాగం వినివిని చెవి పదును తేలినట్లు, లేఖనం చదివిచదివి కన్ను పదును తేలుతుంది. కాని పదును పెట్టిన కత్తిని ఒరలోనే ఉంచుకొని మురిసేవానివలె, ప్రార్థనలో తేటపడిన చూపును గుడిలోనే విడిచి ఇంటికి పోతే ఏమి ప్రయోజనం?

రెండవవారు, నిరీక్షణను పంచడమంటే ఇతరులను తమ మతంలోనికి లాగడమే కదా అంటారు. పేతురు మొదటి లేఖలోని బోధ దీనికి సమాధానం. మీలోని నిరీక్షణకు కారణమేమని అడిగినవానికి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండుమన్నది దాని తాత్పర్యం. అడిగినవానికి జవాబు అన్నప్పుడు ముందు ఒక ప్రశ్న ఉండవలెను. అడగనివాని వెంటపడి చెప్పేది జవాబు కాదు. ఒకరు మనలను ఆ ప్రశ్న అడగాలంటే మన బ్రతుకులో అడగదగినదేదో వారి కంటబడవలెను. నష్టం వచ్చినా ఇతడు ద్వేషం పెంచుకోలేదే, భర్త పోయినా ఈమె పొరుగు బిడ్డకు అన్నం పెడుతున్నదే, ఏమిటి వీరి బలం అని తోచవలెను. అది లేని చోట ఎంత గట్టిగా అరచినా ప్రసంగం ప్రసంగమే.

ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఈ విషయంతో పని ఏమి అంటే, చాలా ఉన్నది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాతి రోజులలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారని పత్రికలు వ్రాసినవి. మార్కుల లెక్కింపులో దొర్లిన పొరపాట్లను గురించి పెద్ద కలవరం రేగినది. లెక్క తప్పినా, తప్పకపోయినా, ఒక కాగితం మీది అంకె చూచి పదునెనిమిదేండ్లయినా నిండని బిడ్డ తన బ్రతుకంతటినీ భూతకాలంలో పెట్టుకొన్నాడంటే, వాని ప్రక్కన నడిచే మేము ఏమి చేస్తున్నామని పెద్దలందరూ ప్రశ్నించుకోవలసినదే. నీవు గొప్పవాడవవుతావు, ర్యాంకు తెస్తావు అనేవి ఆశలు. అవి తప్పినప్పుడు నిలిచేది వేరొకటి కావలెను.

ఆ వేరొకటి ఎట్లుంటుందో తిబెరియ గట్టుమీది కథ చెబుతుంది. ఆ ఏడుగురిలో పేతురు ఉన్నాడు. గురువు పట్టుబడిన రాత్రి, ప్రధానయాజకుని వాకిట నిప్పులు కాగుతూ, ఆయన ఎవరో నేనెరుగనని మూడుసార్లు బొంకినవాడు. ఇప్పుడు మళ్ళీ నిప్పులే, మళ్ళీ ఎదురెదురే. ఆయన మొదట అడిగినది సంజాయిషీ కాదు. మొదట తినమన్నాడు. భోజనమయిన తరువాతనే, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగినాడు. అడిగి, తన మందను అతనికే అప్పగించినాడు. తప్పు దాచిపెట్టలేదు, తప్పుతో మనిషిని ముగించనూలేదు. ముందు అన్నం, తరువాత ప్రశ్న, ఆ తరువాత పని. పరీక్ష తప్పి ఇంటికి వచ్చిన బిడ్డను ఎదుర్కొనే తలిదండ్రులకు, మరునాడు తరగతిలో ఎదుర్కొనే ఉపాధ్యాయునికి ఇంతకు మించిన క్రమం నాకు కనబడలేదు.

క్రైస్తవుడైన ఉపాధ్యాయునికి ఇక్కడ మతప్రసంగం చేయవలసిన పని లేదు; చేయడం ఉచితమూ కాదు. హాజరుపట్టీలోని సంఖ్యను కాక పేరును పిలవవచ్చును. చివరి బల్లమీద కూర్చున్నవాడు మూడు దినాలుగా మధ్యాహ్నభోజనం ముట్టడం లేదని కనిపెట్టవచ్చును. ఊరిలో నీ యిల్లు ఎటువైపని అడగకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టవచ్చును. ఆసుపత్రిలో రాత్రి విధిలో ఉన్న నర్సు, రోగి వెంట వచ్చిన ముసలితల్లికి కూర్చోవడానికి చోటు చూపవచ్చును. ఇవి వీరకార్యాలు కావు; పత్రికలకు ఎక్కవు. చేసినవారు సైతం మరునాటికి మరచిపోతారు. మరచిపోవడమే మంచిది. నిన్ను మేము ఎప్పుడు చూచినామని అడగగలిగేది మరచిపోయినవారే.

విద్యార్థులకు ఒక మాట. మీ తోటివాడు ఎవడైనా జరిగినదంతా భూతకాలంలో చెబుతూ దారి వెంట పోతుంటే, వానికి వెంటనే ధైర్యవచనాలు చెప్పకండి. ఎమ్మాయు దారిలోని ఆ మూడవవాడు మొదట బోధించలేదు. ఏమి జరిగినదని అడిగి, వారు చెప్పినదంతా విన్నాడు, వారితో నడిచినాడు. ఏడు మైళ్ళు ప్రక్కన నడిచే ఓపిక ఉన్నవానికే నిరీక్షణను గురించి మాట్లాడే అర్హత వస్తుంది. ఒక్కడవే మోయలేని బరువయితే ఒక పెద్దవారికి చెప్పి తోడు తెచ్చుకోండి. మీరే ఆ దారిలో నడిచేవారయితే, ప్రొద్దు వాలేవేళ ప్రక్కన నడిచే మనిషిని పోనీయకండి. ఈ పూటకు ఉండుమని అడగండి. ఆ ఇద్దరూ అడిగి ఉండకపోతే ఆయన ముందుకు సాగిపోయేవాడే అని లూకా వ్రాసినాడు.

నిరీక్షణ అనే మాటను సంఘాలలో ఇంకను చాలకాలం పలుకుతారు, పలకవలసినదే. పలికినప్పుడల్లా దానిలోని ఈక్షణ జ్ఞాపకముంటే చాలును. ఆకాశంవైపు చూడడం మాత్రమే ఎదురుచూపు కాదు. ఎదుట ఉన్న మనిషిని ఆగి చూడడంకూడ ఎదురుచూపే.